పాఠంలో పొరుగువాళ్లు

ఒక జాతి జనాన్ని పిల్లలకు పరిచయం చేయడానికి బడిలో రెండు దారులున్నాయి. సాంఘికశాస్త్రం దారిలో వెళ్తే చెంచులు నల్లమలలో ఉంటారని, తేనె, దుంపలు, అడవి సరుకులు సేకరిస్తారని, వాళ్ల పల్లెను పెంట అంటారని తెలుస్తుంది. ఆ సంగతులు నిజమే. పరీక్షలో మార్కులూ వస్తాయి. సాహిత్యం దారిలో వెళ్తే అదే చెంచు మనిషి సంతకు తేనె తెచ్చినప్పుడు షావుకారు తూకం ఎలా వేశాడో, దారిలో అటవీశాఖ గార్డు ఎదురైతే ఎవరి గొంతు పెరిగిందో, ఎవరి గొంతు తగ్గిందో, ఇల్లు చేరాక ఆ సంగతి భార్యతో చెప్పాడో దాచాడో తెలుస్తుంది. కథకు కావలసింది కనీసం ఇద్దరు మనుషులు, వాళ్ల మధ్య ఒక వ్యవహారం. ఆచారం, తిండి, కట్టూబొట్టూ ఆ వ్యవహారంలో భాగంగానే కథలోకి వస్తాయి. వేరే జాతుల సంస్కృతిని సాహిత్యం ద్వారా బోధించడంలో ఉన్న బలం ఇదే: అది సంస్కృతిని సంబంధాల్లో పెట్టి చూపిస్తుంది. ఆ బలాన్ని వదిలేసి పండుగలు, నగలు, నాట్యాలు మాత్రం ఏరి చూపిస్తే సాహిత్య పాఠం కూడా సాంఘికశాస్త్రపు పట్టికగా మిగులుతుంది.

తెలుగు రాష్ట్రాల తరగతి గదులకు ఇది ఎక్కడి నుంచో తెచ్చిపెట్టుకునే విషయం కాదు. 2011 జనగణన ప్రకారం తెలంగాణ జనాభాలో 9 శాతానికి పైగా, ఆంధ్రప్రదేశ్ జనాభాలో 5 శాతానికి పైగా షెడ్యూల్డు తెగలవారే. గిరిజనులు అంటూ పాఠ్యపుస్తకాలు ఒక్క గాటన కట్టే ఈ జనానివి మూడు వేర్వేరు భాషా కుటుంబాలు. గోండి, కోయ, కోలామి, కువి, కొండ భాషలు తెలుగుకు చుట్టాలైన ద్రావిడ భాషలు. శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లో వినిపించే సవర ముండా భాష. దాని బంధువులు ఝార్ఖండ్ వైపున్న సంతాలి, ముండారి. బంజారాలు, సుగాలీలు అని కూడా పిలిచే లంబాడీల గోర్ బోలీ రాజస్థానీకి దగ్గరి భాష. వీళ్లకు తోడు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబాలు, తమ పురాణాలు తమకే ఉన్న దళిత, సంచార కులాలు. ఒకే బెంచీ మీద కూర్చున్న ముగ్గురు పిల్లలు ఇంటికి వెళ్లి అన్నాన్ని, అమ్మమ్మను, దేవుణ్ణి మూడు రకాల మాటలతో పిలవవచ్చు. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కువి, కొండ, కోయ, గోండి, కోలామి, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టి, తెలుగు లిపిలో ఆ భాషల వాచకాలు తయారు చేయించింది. అది పెద్ద అడుగే. అయితే ఆ వాచకాలు ఆ పిల్లల కోసమే ఉద్దేశించినవి. సవర కథను సవర పిల్లవాడు చదువుకోవడం ఎంత అవసరమో, కొండ దిగువన ఉన్న తెలుగు పిల్లవాడు చదవడమూ అంతే అవసరం. పొరుగు అన్నది రెండు వైపుల నుంచీ ఉండేది కదా.

ఈ పని పాత సాహిత్యంతోనే మొదలుపెట్టవచ్చు. ధూర్జటి పదహారో శతాబ్దంలో రాసిన శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నడి కథ ఉంది. బోయపల్లెలో పుట్టిన తిన్నడు శివలింగానికి మాంసం వండి దొప్పలో తెచ్చి పెడతాడు, పుక్కిట పట్టిన నీళ్లతో అభిషేకం చేస్తాడు. శాస్త్రం ప్రకారం పూజించే అర్చకుడు గుడిలో ఎముకలు చూసి హడలిపోతాడు. అతణ్ణి లింగం వెనుక దాక్కుని చూడమంటాడు శివుడు. దేవుడి కంట నెత్తురు కారితే బోయవాడు తన కళ్లే పెకలించి ఇవ్వబోవడం అతను కళ్లారా చూస్తాడు. సాధారణంగా దీన్ని భక్తి పాఠంగా చెప్పి ముగిస్తారు. ఇందులో ఇంకొక పాఠమూ ఉంది. ఒకే దేవుడి ముందు శుచికి రెండు నిర్వచనాలు ఎదురుపడ్డాయి. ఇద్దరిలో ఎవరూ దుర్మార్గులు కారు. ఎవరి ఇంట్లో ఏది ఉత్తమమైన ఆహారమో వాళ్లు అదే తెచ్చారు. అర్చకుడు ఆ సంగతి తెలుసుకోవడానికి అవతలి మనిషిని చాటు నుంచి, నోరు మెదపకుండా చూడాల్సి వచ్చింది. పిల్లలు ఇక్కడ ఆగి ఆలోచించదగిన ప్రశ్న కూడా ఒకటుంది: తిన్నడి ఆచారం మంచిదని చెప్పడానికి దేవుడే సాక్షిగా రావలసి వచ్చింది, కన్ను ఇవ్వబోకపోయి ఉంటే అర్చకుడి దృష్టిలో ఆ బోయవాడు ఏమయ్యేవాడు?

జానపద సాహిత్యం పరాయివాళ్లను దగ్గర చేసుకోవడానికి వరస కలుపుతుంది. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడు కాబట్టి చెంచులకు అల్లుడు. పారువేట ఉత్సవంలో స్వామి పల్లకీ ఊరూరా తిరిగి తన పెళ్లికి జనాన్ని పిలుస్తుంది. బీబీ నాంచారి కథ వల్ల వేంకటేశ్వరుడు ముస్లింల ఇంటి అల్లుడయ్యాడు. దేవుని కడప గుడికి ఉగాది నాడు ముస్లిం కుటుంబాలు రావడం ఇప్పటికీ ఉన్న ఆనవాయితీ. రెండు జనాల మధ్య రాకపోకలు ఉన్నాయన్న నిజాన్ని పెళ్లి కథగా మలచడం తెలుగు నేల మీద పాత పద్ధతి. ఈ కథలు తరగతిలో చెప్పినప్పుడు పిల్లల ముఖాలు విచ్చుకుంటాయి. ఆ సంతోషంతోనే పాఠం ఆగిపోకూడదు. దేవుడికి కలిపిన వరస మనుషులకు ఎంతవరకు కలిసిందన్నది తర్వాతి ప్రశ్న. కొండ కింది ఊళ్లో ఇల్లు అద్దెకు అడిగిన చెంచు కుటుంబానికి, పట్నంలో ఇల్లు అడిగిన ముస్లిం కుటుంబానికి ఏ జవాబు వస్తుందో పెద్ద తరగతుల పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మౌఖిక సాహిత్యంలోనైతే కథ చెప్పడమే ఒక సంబంధం. ఆదిలాబాద్ రాజ్ గోండుల వంశగాథలు చెప్పే హక్కు పర్ధాన్లది. కీక్రి వాయిస్తూ గోండుల పుట్టుపూర్వోత్తరాలు గోండిలో పాడే ఈ గాయకుల ఇంటిభాష మాత్రం మరాఠీ. ఒక జాతి జ్ఞాపకం ఇంకొక జాతి గొంతులో భద్రంగా ఉందన్నమాట. తోటీలు కూడా ఇలాగే గోండులకు గాథలు వినిపిస్తారు. కొన్నిచోట్ల గోండులు స్థానిక దేవతల కొలుపులకు కోలాములను పూజారులుగా పిలుచుకుంటారు. మైదాన ప్రాంతాల్లోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. మాదిగలకు జాంబపురాణం చెప్పేది డక్కలివారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులివారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పేది మందెచ్చులవారు. కథను బొమ్మల్లో చూపే చేర్యాల పటాలు ఇలాంటి కథకుల కోసమే పుట్టాయి. 2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగులయ్య డక్కలి కళాకారుల పరంపరలోని వ్యక్తే. చెప్పేవారికీ వినేవారికీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు, హెచ్చుతగ్గులు రెండూ ఉంటాయి: కథకుడు లేకపోతే కులానికి చరిత్ర లేదు, కులం పెట్టకపోతే కథకుడికి తిండి లేదు. ఈ కథలను అచ్చు పుస్తకం నుంచి చదివి వదిలేస్తే సగమే అందుతుంది. ఎవరు, ఎవరి వాకిట్లో, ఏ ప్రతిఫలానికి చెప్పారన్నది కలిపితేనే పాఠం పూర్తవుతుంది.

ఆధునిక కాలంలో ఈ దిశగా తెలుగువారిలో ముందు నడిచినవాడు గిడుగు వెంకట రామమూర్తి. వాడుక భాషా ఉద్యమం వల్ల ఆయన పేరు అందరికీ తెలుసు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే బడులు నడిపి, వాచకాలు రాసి, పాటలు, కథలు సేకరించాడన్నది అంతగా ప్రచారంలో లేదు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. మన్యంలో తిరిగి జ్వరం తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నాడంటారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం, సవర కోసం పడిన శ్రమ ఒకే నమ్మకం నుంచి వచ్చాయి: పిల్లవాడి నోట ఉన్న భాషలో చదువు మొదలవ్వాలి. ఆదిలాబాద్‌లోనూ ఇలాంటి ప్రయత్నమే జరిగింది. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కొమురం భీం నేలకొరిగాక నిజాం ప్రభుత్వం గోండుల స్థితి తెలుసుకోవడానికి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన సూచనతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులను తయారుచేసే కేంద్రం మొదలైంది. ఇద్దరి అనుభవమూ చెప్పేది ఒక్కటే. ఒక జాతి సాహిత్యాన్ని బోధించాలనుకునే గురువు ముందు ఆ జాతి భాషకు విద్యార్థి కావాలి. పది మాటలైనా నేర్చుకుని సరిగ్గా పలికిన పంతులుకు, పేర్లు కూడా వంకరగా పలికే పంతులుకు పిల్లలిచ్చే స్థానం వేరుగా ఉంటుంది.

తర్వాత వచ్చే ప్రశ్న ఎవరు రాసినది చదివించాలన్నది. బయటివాళ్లు రాసినది, లోపలివాళ్లు రాసినది అని రెండు రకాలున్నాయి. చింతా దీక్షితులు సుగాలీల మీద, చెంచుల మీద కథలు రాశాడు. తెలుగు కథ అడవి వైపు చూడటం అప్పుడప్పుడే మొదలైంది. 1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి దళితవాడను నవలకు కేంద్రం చేసింది. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. పక్క రాష్ట్రం నుంచి గోపీనాథ్ మహంతి ఒడియా నవల పరజా (1945) ఉంది. కొరాపుట్ కొండల్లోని సుక్రు జానీ కుటుంబం ఒక చిన్న అప్పు వల్ల వెట్టిలో కూరుకుపోవడం ఆ నవల కథ. మహంతి ప్రభుత్వాధికారిగా ఆ కొండల్లో పనిచేసినవాడు. బయటి రచయితలకు కొన్ని అనుకూలతలున్నాయి. షావుకారు లెక్కలు, కచేరీ భాష వాళ్లకు బాగా తెలుసు. తమలాంటి పాఠకులకు ఏది అర్థం కాదో కూడా తెలుసు. వాళ్లకో ప్రమాదమూ ఉంది. పాత్రలు మరీ అమాయకంగానో మరీ ఉదాత్తంగానో తయారవుతాయి. కుళ్లుజోకులు వేసుకునే, అత్తను తిట్టుకునే, అబద్ధాలాడే మామూలు మనుషులు కనబడకుండా పోతారు.

లోపలి నుంచి రాసినవారి దగ్గర ఆ మామూలుతనం దొరుకుతుంది. జాషువా గబ్బిలం (1941) మేఘసందేశం పద్ధతినే తీసుకుని, గుడిలోకి వెళ్లే హక్కు లేని మనిషి చేత ఆ గుడి కప్పుకు వేలాడే గబ్బిలంతో శివుడికి కబురు పంపించింది. పాత కావ్యం తెలిసిన పాఠకుడికే అందులోని వ్యంగ్యం పూర్తిగా తగులుతుంది. అగ్రహారపు చదువుకూ వెలివాడకూ ఉన్న సంబంధం ఆ ప్రక్రియలోనే ఉంది. మహమ్మద్ ఖదీర్‌బాబు దర్గామిట్ట కతల్లో నెల్లూరు యాసలో, నవ్వుతూ, ముస్లిం ఇంటి బాల్యం చెప్పాడు. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో తెచ్చిన పిల్లల పుస్తకాల వరుసలో ఆయన కథ ఒకటి ఆదివారం తలకాయ కూర వండుకోవడం చుట్టూ నడుస్తుంది. వాచకాల్లో పప్పన్నం తప్ప ఇంకొక భోజనం చూడని పిల్లలకు అది పెద్ద మార్పు. మల్లిపురం జగదీశ్ శిలకోల కథల్లో ఉత్తరాంధ్ర ఆదివాసీ జీవితం ఆదివాసీ కలంతోనే వచ్చింది. రమేశ్ కార్తీక్ నాయక్ ఢావ్లో కథలకు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఢావ్లో అంటే బంజారా పెళ్లికూతురు అత్తారింటికి వెళ్తూ ఏడుస్తూ పాడే పాట. తెలుగింటి అప్పగింతలు తెలిసిన పిల్లలకు ఆ కథల్లోకి వెళ్లడానికి అక్కడే దారి ఉంది. బయటివారి రచన, లోపలివారి రచన పక్కపక్కన పెట్టి చదివించడం మంచి పద్ధతి. ఒకే తండాను ఇద్దరు ఎలా చూశారో పోల్చిన పిల్లవాడు చూసేవాడి స్థానం కూడా కథలో భాగమేనని గ్రహిస్తాడు.

ఒకే కథ పదే పదే చెబితే జరిగే నష్టానికి స్టూవర్టుపురం ఉదాహరణ. బాపట్ల దగ్గరి ఈ ఊరి పేరు వినగానే దొంగలు గుర్తొచ్చేలా 1991లో వచ్చిన సినిమాల నుంచి 2023 నాటి సినిమా దాకా తెలుగు తెర పనిచేసింది. ఊరి పుట్టుక వెనుక కథ వేరు. ఈ ఊరికి చేరిన ఎరుకలవారు ఒకప్పుడు ఉప్పు, ధాన్యం పశువుల మీద వేసుకుని ఊరూరా తిరిగి వ్యాపారం చేసేవారు. రైళ్లు, సర్కారు ఉప్పు విధానం ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. 1871లో మొదలై 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించిన నేరస్థ తెగల చట్టం తిరిగే జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టింది. అలాంటి కుటుంబాలను ఒకచోట నిఘాలో ఉంచడానికి సాల్వేషన్ ఆర్మీ నడిపిన కాలనీల్లో స్టూవర్టుపురం ఒకటి. చట్టం 1952లో రద్దయింది. పేరుకు అంటిన మచ్చ మిగిలింది. పలమనేరు బాలాజీ ఏకలవ్య కాలనీ కథల్లో ఎరుకల కుటుంబాల మాటలు, కష్టం, పరువు కోసం పాకులాట కనిపిస్తాయి. సినిమా, చట్టం, కథ ఈ మూడూ ఒకే వారంలో తరగతి ముందుకు వస్తే పుకారు ఎలా పుట్టి చరిత్ర అనిపించుకుంటుందో పిల్లలు తామే తేల్చుకోగలరు.

సంబంధాలంటే మెజారిటీకీ మైనారిటీకీ మధ్య ఉన్నవే కావు. ఆదివాసీల్లో ఒకరికొకరికి మధ్య ఉన్నవీ తరగతిలోకి రావాలి. 1976 చట్ట సవరణతో తెలంగాణ ప్రాంతపు లంబాడీలు కూడా షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. మహారాష్ట్రలో వాళ్లకు ఆ హోదా లేదు. సరిహద్దు దాటి వచ్చే కుటుంబాలు పెరగడంతో భూమి, ఉద్యోగాలు, బడిలో సీట్ల మీద గోండులు, కోలాములు, కోయలకు వచ్చిన ఆందోళన 2017లో ఆదిలాబాద్‌లో ఘర్షణగా బయటపడింది. రెండు పక్షాలకూ తమ తమ బాధలున్నాయి. లంబాడీ కథలో పోడు భూమి, గోండు కథలో పోయిన భూమి ఒకే కొండ మీదివి కావచ్చు. ఎవరు మంచివాళ్లో తేల్చే పని పాఠానికి లేదు. రెండు కథలూ చదివించి, రెండూ నిజమయ్యే పరిస్థితి ఎలా వచ్చిందో అడగడం దాని పని.

ఇక తరగతి నడిపే తీరు. అమెరికన్ విద్యావేత్త రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో పిల్లల పుస్తకాలను అద్దాలతో, కిటికీలతో పోల్చింది. తన బతుకు కనిపిస్తే అద్దం, వేరేవారి బతుకు కనిపిస్తే కిటికీ. ఒక్కో పుస్తకం ఒక పిల్లవాడికి అద్దం, పక్కవాడికి కిటికీ అవుతుంది. ఇక్కడే ఉపాధ్యాయుడు జాగ్రత్తగా ఉండాలి. తండా కథ చదివేటప్పుడు తండా నుంచి వచ్చిన అమ్మాయి వైపు తరగతి అంతా తిరిగితే ఆమెకు ఆ పుస్తకం అద్దం కాకుండా పోతుంది. తనే అందరికీ కిటికీ అవుతుంది. మీ ఇంట్లో నిజంగా ఇలాగే చేస్తారా అన్న ప్రశ్న ఆమెను సాక్షిగా నిలబెడుతుంది. చెప్పాలనుకుంటే చెప్పనివ్వాలి, చెప్పకపోయినా పాఠం నడవాలి. జవాబులు పుస్తకం నుంచే రావాలి.

అడిగే ప్రశ్నల్లో పద్ధతి ఉంటుంది. కథలో ఎవరు ఎవరిని ఏమని పిలిచారు, ఎవరు మీరు అన్నారు, ఎవరు నువ్వు అన్నారు? ఎవరు ఎవరి ఇంట్లో తిన్నారు, ఎవరు వాకిట్లోనే నిలబడ్డారు? ఎవరికి ఎవరు ఎంత బాకీ, ఆ లెక్క రాసింది ఎవరు? కథ చెప్పేవారు ఎవరి పక్కన నిలబడ్డారు, ఎవరికి మాట ఇవ్వలేదు? ఈ ప్రశ్నలు ఏకలవ్యుడి కథకు వేసి చూడవచ్చు. గురుభక్తికి నమూనాగా చెప్పే ఆ కథలో బొటనవేలు పోవడం వల్ల ఎవరికి పోటీ తప్పిందో మహాభారతంలోనే ఉంది. గిరిజన విద్యార్థులకు కేంద్రం నడిపే గురుకుల పాఠశాలలకు అదే ఏకలవ్యుడి పేరు పెట్టడం గురించి పదో తరగతి పిల్లలు ఒక గంట వాదించుకోగలరు. యాసను సవరించి చదవకూడదు. రాసినట్టే గట్టిగా చదవాలి. ఇంటి మాటలకు పుస్తకం చివర అర్థాలిస్తే మంచిదే కానీ ప్రతి మాటకూ అర్థం చెబుతూ పోతే వాక్యం విరిగిపోతుంది. కథ నడిచే కొద్దీ తెలిసే మాటలను కథకే వదిలేయాలి.

ఈ బోధనకు హద్దులూ ఉన్నాయి. కథ కన్నీళ్లు తెప్పిస్తుంది. కన్నీళ్లతోనే పాఠం ముగిస్తే జాలి మిగులుతుంది, అవగాహన మిగలదు. మన్యం భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం, 1997 నాటి సుప్రీంకోర్టు సమతా తీర్పు కథతో కలిపి చదివితేనే భూమి పోయిన కథలో ఏ తప్పు జరిగిందో, దాన్ని సరిదిద్దే దారి ఏదో పిల్లలకు తెలుస్తుంది. సిలబస్సూ నిలకడగా ఉండదు. 2021లో ఢిల్లీ విశ్వవిద్యాలయం బీఏ ఇంగ్లీషు పాఠ్యాంశాల నుంచి మహాశ్వేతా దేవి ద్రౌపది కథను, తమిళ దళిత రచయిత్రులు బామ, సుకీర్తరాణిల రచనలను తొలగించడం పెద్ద వివాదమైంది. ఇబ్బంది పెట్టే కథే ముందు పోతుంది. పండుగ కథకు ఏ ఇబ్బందీ రాదు.

చివరికి పరీక్ష. బంజారాల పండుగలు మూడు రాయండి అన్న ప్రశ్న ఉన్నంతకాలం పిల్లలు మూడు పండుగలే నేర్చుకుంటారు. దాని బదులు రెండు కథల్లోని షావుకారు పాత్రలను పోల్చండి, ఈ కథను అవతలి మనిషి చెబితే ఎక్కడ మారుతుందో రాయండి, ఈ ఒక్క పుస్తకం చదివి ఆ జాతి గురించి ఏ మాట అనకూడదో చెప్పండి అని అడగవచ్చు. మూడో ప్రశ్నకు బాగా జవాబు రాసిన విద్యార్థికి పాఠం అందినట్టే లెక్క.